ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు: మధ్యయుగపు యూరప్‌లో ఎర్గాట్ విషం, ప్లేగు

945లో పారిస్‌లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒక జబ్బు పుట్టింది. కాళ్ళకో చేతులకో నిప్పంటుకున్నట్టు మంట మొదలయ్యేది. ఆ అవయవం మెల్లమెల్లగా మాడినట్టు క్షీణించేది, చివరికి ప్రాణం పోయేది. రీమ్స్ నగరంలో ఫ్లోడోఆర్డ్ అనే మతగురువు ఉండేవాడు. ఏ ఏడు ఏం జరిగిందో రాసిపెట్టడం ఆయన అలవాటు. పారిస్‌లోని మేరీమాత చర్చికి చేరుకున్న రోగులు చాలామంది కోలుకున్నారని ఆయన రాశాడు. వాళ్ళకి హ్యూ అనే డ్యూక్ రోజూ తిండి పెట్టించాడు. నయమైంది కదా అని ఇళ్ళకి వెళ్ళినవాళ్ళకి మంట తిరగబెట్టింది. మళ్ళీ చర్చికి వస్తే మళ్ళీ తగ్గింది.

ఫ్లోడోఆర్డ్ దీన్ని మేరీమాత మహిమగానే రాశాడు. అయినా ఆయన చూసింది చూసినట్టు రాశాడు కాబట్టి, వెయ్యేళ్ళ తర్వాత మనకి అందులో ఇంకో సంగతి కనిపిస్తోంది. ఇంట్లో ఉంటే జబ్బు, డ్యూక్ పెట్టిన తిండి తింటే నయం. రోగులు వాళ్ళే, ప్రాంతమూ అదే. మారినవాటిలో పెద్దది వాళ్ళు తినే రొట్టె.

మధ్యయుగపు యూరప్‌ని కుదిపేసిన రోగాల గురించి చదివితే అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ప్లేగు, మశూచి, రక్త విరేచనాలు, కరువు, ఈ మంట జబ్బు అన్నీ ఆనాటి రాతల్లో దేవుడి ఆగ్రహమే. ఇప్పటి రాతల్లో ఇంకో రకం గందరగోళం ఉంది. ఆ కాలంలో ఏ వింత జరిగినా ‘అదంతా ఎర్గాట్ వల్లే’ అనేస్తున్నారు. ఈ చిక్కు విప్పడానికి నాకు అన్నిటికంటే పనికొచ్చినట్టు అనిపించే ప్రశ్న చాలా చిన్నది: జబ్బు ఎవరికి వచ్చింది, పక్కనే ఉండి ఎవరికి రాలేదు?

ముందు ఆ మంట జబ్బుకి కారణమైన ఎర్గాట్ విషం సంగతి చూద్దాం. ఎర్గాట్ ఒక శిలీంధ్రం. శాస్త్రవేత్తలు క్లావిసెప్స్ పర్పూరియా అంటారు. గోధుమ, బార్లీ లాంటి పైర్లకి కూడా వస్తుంది కానీ దీనికి బాగా లొంగేది రై అనే ధాన్యం. రై పూత విచ్చుకుని పక్క మొక్కల పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. గోధుమ చాలావరకు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. కాబట్టి రై పువ్వు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, శిలీంధ్ర బీజాలు లోపలికి పోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది. పూత సమయంలో చలీ వానా ఉంటే ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది. బీజం పడ్డ పువ్వులోంచి ముందు తియ్యటి జిగురు కారుతుంది. పురుగులు ఆ జిగురు కోసం వచ్చి రోగాన్ని మిగతా పువ్వులకి మోస్తాయి. తర్వాత గింజ ఉండాల్సిన చోట ఊదా నలుపు రంగులో, వంకరగా, గింజకంటే పొడుగ్గా ఒక గట్టి కొమ్ము తయారవుతుంది. విషమంతా అందులోనే ఉంటుంది.

ఆ కొమ్ములు గింజలతోపాటే కోతకొస్తాయి, నూర్పిడికొస్తాయి, తిరగలిలో పడతాయి. పిండిలో వాటి పాలు ఒకటి రెండు శాతం ఉన్నా ప్రమాదమే. రొట్టె కాల్చినప్పుడు విషం కొంత తగ్గుతుంది కానీ పోదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ధాన్యం నిలవ ఉన్నకొద్దీ ఈ విషం బలం తగ్గుతూ వస్తుంది. అంటే కొత్త పంట ఇంటికొచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదం. పాత ధాన్యం అయిపోయి, ఎప్పుడు కోత అవుతుందా అని కాచుకుని, కొత్త గింజ రాగానే రొట్టె చేసుకునేది పేద ఇల్లే. గాదెలో రెండేళ్ళ ధాన్యం ఉన్నవాడికి అంత తొందర ఉండదు. గోధుమ పండని చలి నేలల్లో, ఇసుక నేలల్లో, బురద నేలల్లో రై పండుతుంది. కాబట్టి ఆ నేలల మీద బతికేవాళ్ళకి రై రొట్టే తిండి, పొద్దున్నా సాయంత్రం అదే. పిల్లలకైతే ఇంకా కష్టం. ఒంటి బరువుతో పోల్చి చూస్తే వాళ్ళు తినే రొట్టె పెద్దవాళ్ళకంటే ఎక్కువ.

ఎర్గాట్‌లో ఉండే ఆల్కలాయిడ్లు అనే విష రసాయనాలు రక్తనాళాలను బిగించేస్తాయి. గుండెకి దూరంగా ఉన్న కాలివేళ్ళకీ చేతివేళ్ళకీ రక్తం అందదు. మొదట తిమ్మిరి, తర్వాత భరించలేని మంట, తర్వాత స్పర్శ పోవడం, రంగు మారడం, చివరికి ఎండిన గ్యాంగ్రీన్, అంటే రక్తం అందని కండ ఎండి చచ్చుబడటం. చాలాసార్లు రక్తం కూడా కారకుండా అవయవం దానంతటదే ఊడిపోయేది. రైన్ నది దిగువ ప్రాంతంలో, 857వ సంవత్సరం కింద క్సాంటెన్ వార్షిక వృత్తాంతాల్లో, జనానికి పొక్కులు లేచి, అసహ్యంగా కుళ్ళి, చావుకు ముందే అవయవాలు రాలిపోయాయని రాసి ఉంది. 1089లో లొరైన్ ప్రాంతం గురించి జాంబ్లూ మఠానికి చెందిన సిజెబెర్ట్ రాస్తూ, రోగుల అవయవాలు బొగ్గులా నల్లబడ్డాయన్నాడు. ఇవి ఎర్గాట్‌కి సరిగ్గా సరిపోయే వర్ణనలు.

దీనికి రెండో రూపం ఉంది. ఒంటి మీద చీమలు పాకినట్టు ఉండటం, కండరాలు మెలితిరిగిపోవడం, ఫిట్స్, మతి చెదరడం. ఫ్రాన్స్‌లో గ్యాంగ్రీన్ రూపం ఎక్కువ, రైన్ నదికి తూర్పున జర్మన్ ప్రాంతాల్లోనూ రష్యాలోనూ ఫిట్స్ రూపం ఎక్కువ. ఈ తేడాకి ఒక్కో చోట శిలీంధ్రంలో ఆల్కలాయిడ్ల పాళ్ళు వేరుగా ఉండటం కారణమని కొందరూ, పాలూ వెన్నా దొరకని చోట విటమిన్ ఎ లోపం తోడైందని కొందరూ అంటారు. ఈ చర్చ ఇంకా తేలలేదు.

994లో అక్విటేన్‌లో వచ్చిన మంట జబ్బు రాజకీయాన్ని కూడా కదిలించింది. షబాన్‌కి చెందిన అదెమార్ అనే సన్యాసి లెక్క ప్రకారం 40 వేల మంది చనిపోయారు. ఆనాటి సంఖ్యల్ని ఉన్నవున్నట్టు తీసుకోలేం, చాలా ఎక్కువ మంది పోయారని మాత్రం అర్థం చేసుకోవచ్చు. లిమోజ్‌లో బిషప్పులు సమావేశమై సెయింట్ మార్షియల్ అస్థికల్ని బయటికి తీశారు, మూడు రోజుల ఉపవాసం ప్రకటించారు. ఒకరి పొలాల మీద ఒకరు పడి దోచుకునే ప్రభువుల చేత శాంతిగా ఉంటామని ప్రమాణం చేయించారు. చర్చి అప్పటికే మొదలుపెట్టిన ‘దేవుడి శాంతి’ ఉద్యమానికి ఇది పెద్ద ఊతమైంది. పేదవాడి రొట్టెలో వచ్చిన విషం ప్రభువుల కత్తుల్ని కొన్నాళ్ళైనా ఒరలో పెట్టించింది.

ఈ రోగులకంటూ ఒక సంస్థ కూడా పుట్టింది. ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని దోఫినే ప్రాంతంలో ఒక చిన్న ఊరికి పదకొండో శతాబ్దంలో సెయింట్ ఆంథనీ అస్థికలు కాన్‌స్టాంటినోపుల్ నుంచి చేరాయి. మంట జబ్బు వాళ్ళు అక్కడికి రావడం మొదలైంది. 1095 ప్రాంతంలో గాస్తోన్ అనే పెద్దమనిషి, కొడుక్కి నయమైందన్న కృతజ్ఞతతో, అక్కడ రోగుల సేవకి ఒక సోదర సంఘం పెట్టాడని చెబుతారు. అదే ఆంటొనీన్ల సంఘం. తర్వాతి శతాబ్దాల్లో యూరప్ అంతటా వందలాది ఆస్పత్రులు నడిపింది. నల్ల అంగీ మీద నీలం రంగు ‘టి’ ఆకారపు శిలువ వాళ్ళ గుర్తు. ఈ జబ్బుకి కూడా ‘సెయింట్ ఆంథనీ మంట’ అని పేరు పడింది. వాళ్ళు పందుల్ని పెంచేవాళ్ళు, ఆ కొవ్వుతో మూలికలు కలిపి లేపనం చేసేవాళ్ళు. అస్థికల మీదుగా పోసిన వైన్ తాగించేవాళ్ళు. కాళ్ళూ చేతులూ కుళ్ళిపోయినవాళ్ళకి శస్త్రచికిత్సకులు వాటిని తీసేసేవాళ్ళు.

నయం చేసింది వైనా, లేపనమా, అస్థికలా అని అడిగితే, మంచి తిండి అనే చెప్పాలి. ఆస్పత్రిలో శుభ్రమైన రొట్టె, మాంసం దొరికేవి. కొత్త విషం ఒంట్లోకి వెళ్ళకపోతే బిగిసిన రక్తనాళాలు సడలుతాయి. అప్పటికే చచ్చుబడ్డ వేలు తిరిగి రాదు కానీ మనిషి బతుకుతాడు. 1200లో ఇంగ్లండులోని లింకన్ బిషప్ హ్యూ ఈ క్షేత్రానికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని కూడా ఆరోగ్యంగా, ఉత్సాహంగా తిరుగుతున్న మనుషుల్ని ఆయన అక్కడ చూశాడని ఆయన జీవితకథ రాసిన సన్యాసి చెప్పాడు. ఆంటొనీన్లకి కారణం తెలియదు. కానీ అందరూ దేవుడు శిక్షించాడనుకునే మనిషిని లోపలికి తీసుకుని, మంచం వేసి, కడుపునిండా పెట్టారు. ఆ పని విలువ చాలా పెద్దది. వాళ్ళ ఐజెన్‌హైమ్ మఠం ఆస్పత్రి కోసం మథియాస్ గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య గీసిన బలిపీఠ చిత్రాలు ఇప్పుడు ఫ్రాన్స్‌లోని కొల్మార్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక చిత్రంలో ఒంటి నిండా పుండ్లతో, ఉబ్బిన పొట్టతో ఒక మనిషి మూలన పడి ఉంటాడు. ఆ ఆస్పత్రి రోగులు ఆ చిత్రాల ముందు ప్రార్థన చేసుకునేవాళ్ళు.

అయితే ‘పవిత్రాగ్ని’ అని రాసి ఉన్న ప్రతి చోటా ఎర్గాట్ ఉందనుకోకూడదు. రోమన్ల కాలం నుంచీ ఆ పేరుతో చర్మం ఎర్రగా కందే అంటురోగాల్నీ, పశువుల జబ్బుల్నీ కూడా పిలిచారు. పేరు చూసి కాకుండా, కోతల తర్వాత వచ్చిందా, అవయవాలు ఎండి రాలాయా, తిండి మారితే తగ్గిందా అని చూసి తేల్చాలి.

ఇప్పుడు ప్లేగు. 1347 అక్టోబరులో సిసిలీలోని మెస్సీనా రేవుకి వచ్చిన ఓడలతో దిగింది. ఆ ఏడు చివరికల్లా మార్సెయ్, 1348లో ఫ్లోరెన్స్, అవిన్యోన్, పారిస్, లండన్, 1349లో నార్వే. నాలుగైదేళ్ళలో యూరప్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. అవిన్యోన్‌లో పోప్ గారి వైద్యుడు గీ ద షోలియాక్ రెండు రూపాల్ని స్పష్టంగా గుర్తించాడు. మొదటి దాంట్లో జ్వరం, నెత్తురు కక్కడం, మూడు రోజుల్లో చావు. రెండో దాంట్లో చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టి అయిదు రోజుల్లో చావు. ఆయనకే ప్లేగు సోకింది, గడ్డ పగిలి బతికి బయటపడ్డాడు.

ఈ ప్లేగు వెనక కూడా బూజు పట్టిన ధాన్యాల విషానిదే పెద్ద పాత్ర అనే వాదన 1980లలో వచ్చింది. వానలూ చలీ ఎక్కువైన కాలం కదా, రై మీద బతికే జనం కదా అన్నది దాని ఆధారం. ఆలోచించదగ్గ వాదనే కానీ, మన ప్రశ్న ముందు నిలబడదు. ప్లేగు ఎవరికి వచ్చింది? రై రొట్టె ముట్టని వాళ్ళకీ వచ్చింది. కైరో, డమాస్కస్, అలెప్పో గోధుమ తినే నగరాలు. 1348, 1349లలో అక్కడా జనం గుంపులుగా చనిపోయారు. తాను చూస్తున్న ప్లేగు గురించి రాసిన ఇబ్న్ అల్‌వర్ది 1349లో అలెప్పోలో ఆ ప్లేగుతోనే పోయాడు. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ కూతురు జోన్ 1348లో పెళ్ళికి వెళ్తూ బోర్డో దగ్గర చనిపోయింది. కాస్టిల్ రాజు పదకొండో అల్ఫాన్సో 1350లో జిబ్రాల్టర్ ముట్టడిలో ప్లేగుతో చనిపోయాడు. వీళ్ళెవరూ కొత్త రై రొట్టె కోసం కాచుకునే మనుషులు కారు. పైగా ప్లేగు రేవు నుంచి రేవుకి, దారుల వెంట నడిచింది. ఎర్గాట్ అలా నడవదు. అది ఏ ఏటి వాతావరణానికి ఆ ఏడు, ఏ నేలలో పుట్టిందో ఆ నేలలోనే చంపుతుంది.

ఇప్పుడైతే నేరుగా సాక్ష్యమే ఉంది. 1348–50లో ప్లేగు మృతుల కోసం లండన్ ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్‌లో తవ్విన శ్మశానం నుంచి తీసిన ఎముకల్లో, పళ్ళలో ప్లేగు కలిగించే యెర్సీనియా పెస్టిస్ బ్యాక్టీరియా డీఎన్ఏ దొరికింది. దాని పూర్తి జన్యుక్రమం 2011లో బయటికొచ్చింది. హాంగ్‌కాంగ్‌లో 1894లో అలెగ్జాండర్ యెర్సిన్ గుర్తించిన బ్యాక్టీరియా ఇదే.

అలాగని తిండికీ ప్లేగుకీ సంబంధం లేదని కాదు. 1315 వసంతంలో మొదలైన ఎడతెగని వానలు ఉత్తర యూరప్‌ని 1317 దాకా ఘోరమైన కరువులోకి నెట్టాయి. అలాంటి కరువుల్లో పెరిగిన పిల్లలు బలహీనమైన పెద్దవాళ్ళయ్యారు. బలహీనుల్ని ప్లేగు ఎక్కువగా తీసుకుపోయిందని ఎముకల పరిశీలనలు చెబుతున్నాయి. చెడ్డ పంట మనిషిని ముందే సగం చంపి ఉంచగలదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చంపింది ఏది అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నని సరిగ్గా అడగకపోతే ఏమవుతుందో ఆ కాలమే చూపించింది. యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. పోప్ ఆరో క్లెమెంట్ 1348లో ఆజ్ఞాపత్రాలు ఇస్తూ, యూదులు కూడా ఇదే రోగంతో చస్తున్నారు, యూదులు అసలు లేని చోట్ల కూడా రోగం ఉంది, మరి వాళ్ళు కారణమెలా అవుతారు అన్నాడు. ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది అని ఆయన అడిగాడు. స్ట్రాస్‌బర్గ్ నగరం వినలేదు. 1349 ఫిబ్రవరి 14న అక్కడి వందలమంది యూదుల్ని తగలబెట్టారు. ప్లేగు అప్పటికి ఆ ఊరికి ఇంకా రానేలేదు.

అదే స్ట్రాస్‌బర్గ్‌లో 1518 జులైలో ఒకామె వీధిలోకి వచ్చి నాట్యం మొదలుపెట్టి ఆపలేకపోయింది. ఆమెను చూసి ఇంకా చాలామంది కలిశారు. నగర పెద్దలు ముందు వాళ్ళకి వాద్యగాళ్ళని కూడా పెట్టారు, తర్వాత సెయింట్ విటస్ గుడికి పంపారు. ఇది కూడా ఎర్గాటే అని ఇంటర్నెట్‌లో ఎన్నోచోట్ల చదువుతాం. నాకు ఇది నమ్మశక్యంగా లేదు. ఎర్గాట్ కండరాల్ని మెలిపెట్టి పడేస్తుంది, కాళ్ళకి రక్తం ఆపుతుంది. అలాంటి మనిషి రోజుల తరబడి నాట్యం చేయలేడు. ఆ పరగణాలో వరుసగా పంటలు పోయి, ఆకలీ అప్పులూ కమ్ముకున్న సమయం అది. సెయింట్ విటస్ కోపగిస్తే నాట్యం చేయిస్తాడనే నమ్మకం అక్కడ ముందునుంచీ ఉంది. భరించలేని టెన్షన్‌లో ఉన్న జనం మీద ఆ నమ్మకం పనిచేసిందని చరిత్రకారుడు జాన్ వాలర్ చేసిన వాదన ఎక్కువ పొసుగుతుంది. అమెరికాలోని సేలంలో 1692లో, కొందరు ఆడపిల్లల వింత ప్రవర్తనతో మొదలైన మంత్రగత్తెల కేసులకి ఎర్గాట్ కారణమని 1976లో ఒక వాదన వచ్చింది. అదే ఏడు దానికి జవాబూ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకే రొట్టె తింటే, ఆ లక్షణాలు కొందరు ఆడపిల్లల్లోనే ఎందుకు కనిపించాయన్నది దాని ముందున్న గట్టి ప్రశ్న.

ఈ కథలు ఇంతగా వ్యాపించడానికి భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఒక కారణం. ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో బాసెల్‌లో ఎర్గాట్ రసాయనాల మీద పనిచేస్తూ దాన్ని తయారుచేశాడు. దాంతో మధ్యయుగపు రైతులు రొట్టె తిని మత్తులో తేలిపోయారనే ఊహ పుట్టింది. ఎల్‌ఎస్‌డీ ప్రయోగశాలలో తయారైంది, రై కంకిలో దొరికేది కాదు. కంకిలో ఉన్నది కాళ్ళు రాలగొట్టే, గర్భాలు పోగొట్టే, పిల్లల్ని ఫిట్స్‌తో చంపే విషం. ఆ మనుషుల బాధని వినోదంగా చెప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది.

అసలు కారణం తెలియడానికి అన్ని శతాబ్దాలు ఎందుకు పట్టింది? నల్ల కొమ్ములు ప్రతి ఏడూ కొన్నైనా కనిపించేవి. అవి రై కంకిలో మామూలు భాగమే అనుకున్నారు. కొన్ని గింజలు తింటే ఏమీ కాదు, ఎక్కువైన ఏడు కొన్ని వారాలు తింటే గాని జబ్బు బయటపడదు. పైగా మంత్రసానులు పురుడు రాని ఆడవాళ్ళకి ఈ కొమ్ముల్ని ఇచ్చేవాళ్ళు. జనానికి అది మందనే తెలుసు. 1582లో ఆడమ్ లోనిట్జర్ తన మూలికల గ్రంథంలో ఎర్గాట్‌ని ఆ వైద్యానికే రాశాడు. 1597లో మార్బుర్గ్ వైద్యులు ఫిట్స్ జబ్బుకి చెడ్డ ధాన్యం కారణమని ప్రకటించారు. 1630లో ఫ్రాన్స్‌లో త్యుల్యే అనే వైద్యుడు, జబ్బు పల్లెల్లో పేదలకే వస్తోందని, పట్నంలో బాగా తినేవాళ్ళకి రావడం లేదని, ఒకరి నుంచి ఒకరికి అంటడం లేదని గమనించాడు. అనుమానమొచ్చి ఆ కొమ్ముల్ని కోళ్ళకి వేసి చూశాడు. కోళ్ళు చచ్చాయి. 1676లో దొదార్ అనే వైద్యుడు ఈ సంగతిని ఫ్రెంచి శాస్త్ర అకాడమీ ముందు పెట్టాడు. ఆ కొమ్ము ఒక శిలీంధ్రంలో దశ అని, దాని జీవితచక్రం మొత్తాన్నీ త్యులాన్ అనే శాస్త్రవేత్త 1853లో చూపించాడు.

తెలిశాక కూడా చావులు వెంటనే ఆగలేదు, ఎందుకంటే తెలుసుకున్నవాడు వేరు, ఆ రొట్టె తినక తప్పనివాడు వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని సొలోన్ అనే బురద నేలల ప్రాంతంలో పనిచేసిన తెసియే అనే వైద్యుడు, పొలాల్లో నీళ్ళు పోయే దారి చేయమని, బంగాళాదుంప వేయమని చెప్పాడు. బంగాళాదుంప, గోధుమ పేదల పళ్ళెంలోకి వచ్చినకొద్దీ జబ్బు తగ్గింది. రష్యాలో 1926–27లో కూడా వేలమంది దీని బారిన పడ్డారు.

విషం మందైన కథ కూడా ఇక్కడే ఉంది. రక్తనాళాల్నీ గర్భాశయాన్నీ బిగించే గుణమే సరైన మోతాదులో ప్రాణం నిలబెడుతుంది. ఎర్గాట్‌లోంచి ఎర్గోమెట్రిన్ అనే ఆల్కలాయిడ్‌ని 1935లో వేరుచేశారు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి మన ఆస్పత్రుల్లో వాడే మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షన్ దాని నుంచి వచ్చిందే.

మన పొలాల్లో దీనికి దగ్గరి చుట్టం ఉంది. సజ్జకీ జొన్నకీ వచ్చే తేనెబంక తెగులు క్లావిసెప్స్ జాతి శిలీంధ్రాల పనే. పూత మీద ముసురు పట్టినప్పుడు కంకి నుంచి తేనెలాంటి బంక కారి, తర్వాత గింజ చోట నల్లటి ముద్దలు కడతాయని రైతులకి తెలుసు. 1950లలో అప్పటి బొంబాయి రాష్ట్రంలోనూ, 1970లలో రాజస్థాన్‌లోనూ ఈ తెగులు పట్టిన సజ్జలు తిన్న పల్లెల్లో జనానికి వాంతులు, తల తిరగడం, వదలని మగత వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ విషాన్ని అధ్యయనం చేశారు. ఎవరి కాళ్ళూ చేతులూ కుళ్ళలేదు, తిండి మార్చగానే కోలుకున్నారు. సజ్జ మీద వచ్చే శిలీంధ్రంలో ఉండేవి క్లావిన్ అనే వేరే తరహా ఆల్కలాయిడ్లు కావడమే కారణం. రక్తనాళాల్ని బిగించడంలో అవి రై మీది విషంతో సరితూగవు. నల్ల ముద్ద సజ్జ గింజకంటే తేలిక కాబట్టి గింజల్ని ఉప్పునీళ్ళలో పోస్తే అది పైకి తేలుతుంది. దాన్ని తీసేసి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి విత్తుకోవాలని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది అందుకే. వేసవి దుక్కి లోతుగా చేస్తే నేలలో రాలినవి అడుగుకు పోయి, మరుసటి ఏడు మొలకెత్తినా పైకి రాలేవు.